రాని వాళ్ళ కుర్చీ

మొన్న మధ్యాహ్నం అన్నం తింటూ ఉంటే ఫోను మోగింది. శ్రీకాకుళం వైపు ఏదో ఇంజినీరింగు కాలేజీ నుంచి ఒక అమ్మాయి. కొత్తగా చేరిన లెక్చరరట. ఏడుపొక్కటే తక్కువ. మర్నాడు వాళ్ళ కాలేజీలో 'దేశ భద్రతలో డ్రోన్లు: సవాళ్ళు, అవకాశాలు' అని జాతీయ సెమినారు ఉందట.

"సార్, డిఫెన్స్ టెక్నాలజీలో మీరు చాలా పెద్ద ఎక్స్‌పర్ట్ అని చెప్పారు సార్. రేపు మీరు ఖాళీయేనా సార్?"

రేపటి సెమినారుకి ఇవాళ, అదీ భోజనాల వేళ పిలుస్తున్నారంటే నేనెంత పెద్ద ఎక్స్‌పర్టునో నాకు తెలియదా? ముద్ద మింగి, నాకు తెలియకుండానే, "ఈపాలి ఎవులు రాటం లేదమ్మా?" అన్నాను.

అవతల ఆ పిల్ల బిత్తరపోయింది. ఢిల్లీ నుంచి రావలసిన పెద్దాయనకి ఏదో అర్జెంటు మీటింగు పడిందని నసిగింది. వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. కానీ పళ్ళెం ముందు నుంచి లేచిపోయాను. ఎందుకంటే ఆ మాట నాది కాదు. ఆ మాట నెల్లిమర్లలో జూట్ మిల్లుకి వెళ్ళే దారిలో చిన్న కిరాణా కొట్టు నడిపిన ఒక రిటైర్డు సుబేదారుది. ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు విషయంలో ఆయనకి చాలా పట్టింపు ఉండేది.

ముందు నా గొప్ప చెప్పుకోవాలి. విజయనగరం దాటాక ఒక ఇంజినీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. రాడార్ల మీద డాక్టరేటు చేశాను. రాడారును దగ్గరగా చూసింది మాత్రం టీవీలో, గణతంత్ర దినోత్సవం పెరేడ్‌లో. అది కూడా సగం చూశాక కరెంటు పోయింది. అయినా మా జిల్లాల్లో రక్షణ రంగ సాంకేతికత మీద ఏ సెమినారు పెట్టినా కన్వీనరు నేనే. ఫ్లెక్సీ కొట్టించడం, పులిహోర పురమాయించడం, రాయని పెన్నులు పెట్టి సంచులు పంచడం నా పని. ఒకసారి డ్రోన్ ప్రదర్శన కూడా పెట్టాను. పైకి లేచిన డ్రోను మీదికి కాకులు గుంపుగా వచ్చి పడి దాన్ని మామిడిచెట్టులోకి తోలేశాయి. ఆ ఏడాది మా సెమినారు విషయం డ్రోన్లను అడ్డుకోవడం ఎలా అన్నదే. మా పిల్లలు ఇప్పటికీ ఆ కాకులనే రిసోర్స్ పర్సన్స్ అంటారు.

ఇంత ఏర్పాటు చేశాక ముఖ్య అతిథి రాడు. అదేమి శాపమో, రానే రాడు. ఒకాయనకి విమానం తప్పిపోతుంది, ఇంకొకాయనకి పై అధికారి సెలవు ఇవ్వడు. ఒకాయన మరీను, రైల్లో నిద్రపోయి విజయనగరం దాటిపోయి ఆమదాలవలసలో దిగి, తిరుగు బండి దొరికింది కదా అని అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయాడు. కానీ వేదిక మీద కుర్చీ ఖాళీగా ఉండకూడదు. జ్యోతి వెలిగించాలి, ఫొటో తీయాలి, మా చైర్మన్ గారు ఎవరో ఒకరికి శాలువా కప్పాలి. శాలువా కప్పకపోతే ఆయనకి ఆ రోజు సెమినారు జరిగినట్టే ఉండదు.

అలాంటి ఒక రోజు పొద్దున్నే దీపాలకి నూనె, వత్తులు కొనడానికి ఆ కొట్టు ముందు ఆగాను. డబ్బా అందుకుంటూ ఉండగా ప్రిన్సిపాల్ ఫోను: అతిథి రావడం లేదు, ఏం చేస్తావో చెయ్యి. నా మొహం ఎలా పాలిపోయిందో మరి, కొట్లో పెద్దాయన స్టూలు బయటికి జరిపి, "కూకోండి మాస్టారూ, ఏటయ్యింది?" అన్నాడు. ఆయన వెనక గోడమీద పాత ఫొటో. యూనిఫారం, మీసం, గుండె మీద పతకాలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మీరు డిఫెన్సులో చేశారా?" అన్నాను.

"సేసినాను. నానేటి సేసినానని? బోర్డరు మీద తుపాకి పేల్సినోణ్ణి కాను. స్టోర్సులో పప్పు, ఉప్పు, గోదుంపిండి తూకమేసి ఇచ్చినోణ్ణి."

"అది చాలు సార్," అన్నాను. రాడార్లలో డాక్టరేటు ఉన్న నేను 'సార్' అని పిలిచిన మొదటి కిరాణా కొట్టాయన ఆయనే.

కొట్టు భార్యకి ఒప్పగించి లోపలికి వెళ్ళి, నేను నూనె డబ్బా మూత బిగించేలోగా తయారై వచ్చాడు. నీలం బ్లేజరు, దాని మీద పతకాలు, తళతళలాడే బూట్లు. ఆ బ్లేజరు ఎప్పుడూ ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించి ఉంటుందని తరవాత తెలిసింది. రిటైరైనప్పటి నుంచీ ఎవరో ఒకరు పిలుస్తారని చూస్తూనే ఉన్నాడన్నమాట.

దారిలో కారులో ఆయనకి నేను రాసిపెట్టిన ఉపన్యాసం ఇచ్చాను. క్వాంటం రాడార్ల గురించి. రెండు పేజీలు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మర్యాదగా మొదటి వాక్యం చదివాడు. మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. "ఇది నానింటికాడ సదువుకుంటాను మాస్టారూ," అన్నాడు. తరవాత ఎన్ని ఉపన్యాసాలు రాసిచ్చినా ఆ జేబులోకే వెళ్ళాయి.

వేదిక మీద లేచి, అటెన్షన్‌లో నిలబడి, "హాజర్!" అన్నాడు. హాల్లో అటెండెన్సు కోసం తోలుకొచ్చిన రెండో సంవత్సరం పిల్లలు ఉలిక్కిపడి లేచారు. అప్పుడు చింతపండు కథ చెప్పాడు.

కథ ఇంతే. పెద్ద కొండమీద స్టోరు. చుట్టూ మంచు. మన సాలూరు వైపు జవాను ఒకడికి ఇంటినుంచి చింతపండు పార్సెల్ వస్తుంది. ఈలోగా ఆ జవానుని ఇంకా పైకి పంపించేస్తారు. అక్కడ ఉన్న మనవాళ్ళందరికీ చారు లేక నాలుక చచ్చిపోయి ఉంది. అందరూ ఆ పార్సెల్ చుట్టూ తిరుగుతారు. ఆఫీసరు కూడా తిరుగుతాడు. ఈయన మాత్రం ముట్టుకోనివ్వడు. "ఎవుల పేరున ఒచ్చిందో ఆళ్ళకే సేరాల. స్టోరు రూలు. మంచు కరిగినాక ఆ గుంటడు దిగొచ్చినాడు. పార్సెల్ సేతిలో ఎట్టినాను. ఇప్పి సూసి ఏటన్నాడో తెలుసునా? సింతపండేనా, ఎండు సేపలు పంపలేదా మా అమ్మ, అన్నాడు!"

పిల్లలు బల్లలు కొట్టి నవ్వారు. నా క్వాంటం రాడార్లకి ఆ హాల్లో ఎవరూ నవ్వలేదు, ఏడవలేదు, లేవలేదు. ఆ తరవాత ప్రతి సెమినారుకీ అదే కథ. కృత్రిమ మేధ అయినా, క్షిపణులైనా, సైబర్ భద్రత అయినా చింతపండే. ఏటికేడూ ఆ కొండ ఎత్తు మాత్రం పెరుగుతూ వచ్చింది. ఒకసారి చాటుగా అడిగితే, "మంచు పడతాది కదా మాస్టారూ, పెరగదేటి?" అన్నాడు.

ఇక మెమెంటో. విజయనగరంలో ఒక కొట్లో వారం ముందే చేయిస్తాం. చెక్క పలక, దాని మీద ఇత్తడి రేకు, రేకు మీద అతిథి పేరు, హోదా చెక్కి ఉంటాయి. మనిషి మారినా రేకు మారదు. మొదటిరోజు నేను తెలివిగా తెల్లకాగితం మీద ఆయన పేరు రాసి ఇత్తడి మీద అతికించి ఇచ్చాను. కారు ఎక్కగానే ఆయన గోటితో ఆ కాగితం మెల్లిగా ఊడదీశాడు. గమ్ము మరక ఉండిపోతే రుమాలు తడిపి తుడిచాడు.

"ఇది నాది కాదు మాస్టారూ. ఆయన పేరున ఒచ్చినాది. నాకాడ ఉంచుతాను. ఎప్పుడో ఒకపాలి రాకపోతాడేటి? ఒచ్చినప్పుడు ఇచ్చీదాం."

హాస్యానికి అంటున్నాడనుకున్నాను. తరవాత వాళ్ళింటికి వెళ్తే కొట్టు వెనక గదిలో అద్దాల బీరువా చూపించింది ఆయన భార్య. డైరెక్టర్లు, శాస్త్రవేత్తలు, ఒక మాజీ ఎయిర్ మార్షల్, అందరూ వరసగా ఉన్నారు, ఇత్తడి తళతళలాడుతూ. రాని వాళ్ళందరూ అక్కడున్నారు. ఒక్క దాని మీద కూడా ఆ ఇంటి మనిషి పేరు లేదు.

"ఈ పెద్దమనుసుల్ని తుడవలేక సత్తన్నాను బాబూ," అంది ఆవిడ. "ఆదివారమొస్తే సాలు, గుడ్డట్టుకుని కూకుంటారు. నాను సెయ్యేత్తే పలకలు గీసుకుపోతాయని ఒకటే గొడవ."

ఆయన సిగ్గుపడుతూ, "స్టోరు కదే. సుబ్రంగా ఉండాలి మరి," అన్నాడు.

నేను ఫోను చేసిన ప్రతిసారీ ఆయన హలో అనేవాడు కాదు. "ఈపాలి ఎవులు రాటం లేదు మాస్టారూ?" అనేవాడు. పేరు చెబితే, ఆయనది ఏ ఊరు, ఏం చేస్తాడు, పాపం ఎందుకు రావడం లేదు, అన్నీ కనుక్కునేవాడు. వేదిక మీద ఆ మనిషి తరఫున క్షమాపణ చెప్పేవాడు, ఏదో తన అన్నగారు పెళ్ళికి రాలేకపోయినట్టు. శాలువా కప్పించుకునేటప్పుడు మాత్రం కొంచెం ఒంగి, కళ్ళు మూసుకునేవాడు. అది ఆయనకి ఇష్టం. ఇష్టం కాదని ఎందుకు చెప్పాలి? కార్లో కూర్చున్నాక ఆ శాలువా అంచు రెండు వేళ్ళతో నలిపి చూసి, "ఈపాలిది మెత్తగున్నాది," అనేవాడు.

ఇలా సుఖంగా సాగుతున్న మా వ్యవహారం ఒకసారి బోర్లా పడింది. ఎందుకంటే ఆ ఏడాది ముఖ్య అతిథి వచ్చేశాడు.

రెండేళ్ళ క్రితం రాని శాస్త్రవేత్తే ఈసారి నిజంగా వచ్చాడు, తెల్ల జుట్టు, నెమ్మదైన మనిషి. మా చైర్మన్ గారికి కాళ్ళు నేలమీద ఆనలేదు. విలేఖరులు వచ్చారు. జ్యోతి వెలిగింది. సరిగ్గా అప్పుడు హాలు గుమ్మంలో నీలం బ్లేజరు కనబడింది. నేను పిలవలేదు. పత్రికలో పేరు చూసి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి.

నేను కళ్ళతో వద్దన్నాను, చేతులతో వద్దన్నాను, ప్రొజెక్టరు వైరు తట్టుకుని పడబోయాను కూడా. ఆయన కవాతు నడకతో నేరుగా వేదికెక్కి, అతిథికి సెల్యూట్ కొట్టి, సంచిలోంచి మెమెంటో తీశాడు.

"తమరి సామాను సార్. నా స్టోర్లో ఉండిపోనాది."

శాస్త్రవేత్త దాన్ని తీసుకుని చదివారు. తన పేరే. తన హోదాయే. పక్కన పాత తేదీ. "ఇది మీ దగ్గర ఎందుకుంది?" అన్నారు.

మైకు తెరిచే ఉంది. నా సెమినారుల్లో మైకు సరిగ్గా పనిచేసింది ఆ ఒక్కసారే.

"తమరు రానప్పుడు తమరి కుర్చీలో నాను కూకున్నాను సార్."

నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. అది ఊడి నా మీద పడితే బాగుండుననిపించింది. చైర్మన్ గారు నా వైపు చూస్తున్న సంగతి చూడకుండానే తెలుస్తోంది.

శాస్త్రవేత్త గారు మెమెంటో తిప్పి చూసి అడిగారు: "నా బదులు ఏం మాట్లాడారు?"

"సింతపండు గురించి సార్."

ఆయన నవ్విన నవ్వుకి హాలంతా నవ్వింది. భోజనాల దగ్గర సుబేదారుని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కథంతా చెప్పించుకున్నారు. వెళ్ళేటప్పుడు ఆ పాత మెమెంటో చేత్తో పట్టుకెళ్ళారు గానీ, కొత్తది మా ఆఫీసు బల్ల మీద మరిచిపోయారు. పెద్దాయన దాన్ని కూడా సంచిలో వేసుకున్నాడు.

సాయంత్రం చైర్మన్ గారు నన్ను నిలబెట్టి కడిగేశారు. "కిరాణా కొట్టువాణ్ణి నా వేదిక ఎక్కిస్తావా? నేను శాలువాలు కప్పింది పప్పులమ్మేవాడికా? మళ్ళీ ఈ గుమ్మంలో కనిపిస్తే నీ ఉద్యోగం చూసుకో." నేను తల ఊపాను. నా డాక్టరేటులో నేను బాగా నేర్చుకున్నది తల ఊపడమే.

ఆ తరవాత చాలా కాలం ఆ కొట్టు ముందు నుంచి కారు ఆపకుండా పోయాను. కానీ నూనె అయిపోతుంది కదా. ఒకరోజు వెళ్ళాను. ఆయన లేడు, ఆస్పత్రికి వెళ్ళాడు, గుండె పరీక్షలకి. ఆవిడ నూనె కొలుస్తూ తలెత్తకుండానే అంది:

"ఫోను మోగితే సాలు, మాస్టారేమో అంటన్నారు. ఆ కోటు ఇంకా ఇస్త్రీ సేయిత్తనే ఉన్నారు. ఇంటినిండా పేర్లే బాబూ. ఈయన పేరు సూడు, ఒక్కదాని మీదా లేదు. పెద్దపెద్దోళ్ళకి రాయించినారు, రానోళ్ళకి రాయించినారు. ఒకపాలి ఈయన పేరు రాయించి ఇత్తే మీ కాలేజీకి ఏటి పోతాది?"

ఏం పోతుంది? నా ఉద్యోగం పోతుంది. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పను? నూనె డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాను. ఇంత చదువూ చదివి ఒక ఇత్తడి రేకు మీద ఒక పేరు చెక్కించలేనా అని నా మీద నాకే కోపం వచ్చింది. మర్నాడు వచ్చే ఏటి సెమినారు ప్రతిపాదన రాశాను. ముఖ్య అతిథి అన్న చోట ఆయన పేరు రాసి, కింద 'రక్షణ సరఫరా వ్యవస్థల నిపుణులు, అతి ఎత్తైన ప్రాంతాల్లో విశేష అనుభవం' అని రాశాను. అన్నీ నిజాలే. చైర్మన్ గారికి ఆయన పేరు ఎన్నడూ తెలియదు, మొహమూ బ్లేజరూ మాత్రమే తెలుసు. హోదా చదివి, "ఈయన పెద్దవాడిలా ఉన్నాడయ్యా, వస్తాడా?" అని సంతకం చేసేశారు. నా జీవితంలో నేను చేసిన పనికొచ్చే పరిశోధన అదొక్కటే.

కొట్టుకి పరుగెత్తి చెప్పాను. ఆయన కందిపప్పు తూయబోతున్నాడు.

"నా పేరా?" అన్నాడు.

"మీ పేరే. ఫ్లెక్సీ మీద, ఇత్తడి మీద. మీరే అసలు ముఖ్య అతిథి."

ఆయన పొట్లం కట్టి, సరుకుకి వచ్చిన ఒకావిడ చేతిలో పెట్టాడు. ఆవిడ విప్పి చూసుకుని, "కందిపప్పంటే సెనగపప్పు ఇచ్చినావేటి మావా?" అని కేకలేసింది. ఆయనకి వినబడలేదు. నా వైపు తిరిగి, చాలా గంభీరంగా అడిగాడు:

"మరి నానే రాకపోతే ఎవుల్ని పిలుత్తారు?"

"నేను లేనా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

సెమినారు రోజు నేను కారుతో బయల్దేరబోతుండగా ఆవిడ ఫోను. తెల్లారగట్ల గుండెలో నొప్పి అన్నారట, విజయనగరం ఆస్పత్రిలో చేర్చారట. "మీకు మాట సెప్పమన్నారు బాబూ," అంది. "కుర్చీ కాళీగా ఒగ్గొద్దన్నారు. మాస్టార్ని కూకోమన్నారు."

కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళుగా నేనే వేయించిన ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. ఒక కాలు పొట్టి, ఊగుతుంది. పాపం ఆయన ఇన్నేళ్ళూ ఒక్కమాట అనలేదు. మాట్లాడటానికి లేచాక నా స్లైడ్లన్నీ కళ్ళ ముందు ఉన్నా నోట్లోంచి చింతపండే వచ్చింది. కొండ ఎంత ఎత్తో గుర్తులేక ఏదో చెప్పాను. "ఇంకా ఎత్తు సార్!" అని వెనకనించి ఒక అమ్మాయి అరిచింది. హాలు నవ్వుతూంటే నేను కొండని ఇంకొంచెం పెంచాను. చైర్మన్ గారు శాలువా కప్పి, చెవిలో, "ఈ నిపుణుడు కూడా రాలేదా?" అని విసుక్కున్నారు. ఆయన పేరు చెక్కిన మెమెంటో నా చేతిలో పెట్టారు.

భోజనం కూడా చేయకుండా దాన్ని పట్టుకుని ఆస్పత్రికి పోయాను. మంచం మీద బ్లేజరు లేకుండా ఆయన చాలా చిన్నగా కనిపించాడు. మెమెంటో చూపించాను. అక్షరాల మీద వేలు పెట్టి మెల్లిగా, ఒత్తుల దగ్గర ఆగుతూ, తన పేరు చదువుకున్నాడు. మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు, నేనూ పెట్టుకున్నాను. తీసుకోమని చేతిలో పెడితే మాత్రం వెనక్కి తోశాడు.

"ఇలగ కాదు మాస్టారూ. కుర్చీలో కూకున్నోడు ఇంటికి తీస్కెల్లాల. పేరున్నోడు ఒచ్చి తీసుకోవాల. నానెప్పుడూ ఎవుల ఇంటికీ ఎల్లి ఇవ్వలేదు కదా? మీ ఇంటికి నానే ఒత్తాను. కోటేసుకుని ఒత్తాను."

రాలేదు. ఆ వారంలోనే పోయాడు.

దినకార్యాలన్నీ అయ్యాక మెమెంటో తీసుకుని నెల్లిమర్ల వెళ్ళాను. ఆవిడ కొట్లోనే ఉంది. రేకు మీద పేరు చేత్తో తడిమింది, పైట చెంగుతో తుడిచింది. లోపలి గదిలోకి తీసుకెళ్ళి అద్దాల బీరువా తలుపు తెరిచాను. మధ్యలో చోటు చేసి పెడదామని ఒక డైరెక్టరు గారిని పక్కకి జరపబోయాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు బాబూ. ఇవన్నీ రానోళ్ళవి. ఈయన్ని ఆ వరసలో ఎట్టమంటావేటి? ఒచ్చి తీసుకుంటానన్నారు కదా నీకాడ. నీకాడే ఉండనీ."

బీరువా తలుపు మూసి తెచ్చేసుకున్నాను. ఇప్పుడు అది మా ఇంట్లో టీవీ పక్కన ఉంది, నా డాక్టరేటు పట్టా తీసేసి ఆ చోట్లో పెట్టాను. ఇంటికొచ్చిన వాళ్ళు పేరు చదివి ఎవరు ఈయన, మీ నాన్నగారా అని అడుగుతారు. ఆదివారం పూట నేనే తుడుస్తాను. మా ఆవిడ గుడ్డ పట్టుకుంటే గీతలు పడతాయని గొడవ పెడతాను.

ఫోనులో ఆ అమ్మాయికి మాట ఇచ్చినట్టే నిన్న శ్రీకాకుళం వెళ్ళాను. చింతపండు చెప్పాను, శాలువా కప్పించుకున్నాను, మెత్తగానే ఉంది. ఢిల్లీ ఆయన పేరున్న మెమెంటో తెచ్చాను. దాన్ని మాత్రం టీవీ పక్కన పెట్టలేదు, లోపల బీరువాలో పెట్టాను. సుబేదారు పక్కన రాని వాళ్ళెవరినీ పెట్టను. ఆయన కోటు వేసుకుని వస్తానన్నారు.